మూడో కౌంటర్ మాహాత్మ్యం

మా వీధి చివరి బ్యాంకులో నాలుగు కౌంటర్లు, ఇద్దరు మనుషులు. అయినా ఒక్క కౌంటరూ ఖాళీగా లేదని మేనేజరుగారు ఈమధ్య గర్వంగా చెప్పారు. నిజమే. ఒకటో దాంట్లో పనిచేయని పాస్‌బుక్ ప్రింటర్ ఉంది, నాలుగో దాంట్లో దాని అట్టపెట్టె ఉంది. మిగతా రెండింటినీ 'రద్దీని బట్టి సర్దుబాటు' చేస్తున్నారట. ఇంత ఆధునికమైన పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలని నవంబరులో ఓ సోమవారం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు బతికున్నామని రుజువు చేసుకునే నెల అది.

మూడో కౌంటర్లో మేడమ్ ఓ రిటైర్డ్ పోస్టుమాస్టరుగారి లైఫ్ సర్టిఫికెట్ చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే రెండో వరుసలో ఒకాయన గొంతెత్తాడు. "అమ్మా, మీరు కాస్త రెండు వైపు చూడండి" అన్నారు మేనేజరు. మేడమ్ సిస్టమ్ మూసి, డ్రాయరుకు తాళం వేసి, నీళ్ళ సీసా, స్టాంపు ప్యాడు, కుర్చీలో దిండు తీసుకుని బయల్దేరారు. అక్కడ సిస్టమ్ తెరవడానికి మేడమ్ వేలిముద్ర మూడుసార్లు పడలేదు. మొత్తం ఆరు నిమిషాలు. ఈలోగా మూడో వరుసలో ఇంకొకాయన అరిచాడు. మేడమ్ వెనక్కి.

గంటలో ఇలాంటి యాత్రలు నాలుగు. అంటే 24 నిమిషాలు సామాను మోయడానికే. ఒక్కొక్కరి పనికి నాలుగు నిమిషాలు, కాబట్టి 15 మందికి జరగాల్సింది 9 మందికి జరిగింది. అయితేనేం, కౌంటర్ మాత్రం నాలుగుసార్లు మారింది. అభివృద్ధి అంటే కదలికే కదా!

ఈ లెక్కలన్నీ మొదలుపెట్టింది డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్. 1909లో ఆయన కాల్స్ రాక గురించి రాసిన వ్యాసంతోనే క్యూల శాస్త్రం పుట్టిందంటారు. జనం ఎప్పుడుపడితే అప్పుడు వస్తారు, ఒకరి పని పొట్టి, ఒకరిది పొడుగు అనుకోండి. ఇద్దరు గుమాస్తాలకు చెరో వరుస పెట్టి, గంటలో 90 శాతం సేపు పని తగిలేలా ఉంటే, సగటున ఒక పనికి పట్టే కాలానికి తొమ్మిదింతలు నిలబడాలి. మా లెక్కన 36 నిమిషాలు. అదే ఇద్దరికీ కలిపి ఒకే వరుస పెడితే సుమారు 17. కొత్త మనిషి అక్కర్లేదు, కొత్త కుర్చీ అక్కర్లేదు, ఒక తాడు చాలు.

మేనేజరుగారికి చెప్పాను. ఆయన జాలిగా చూశారు. "ఒకే వరుసైతే ఎవరూ అరవరు కదండీ. ఇక నేను సర్దుబాటు చేసేదేముంటుంది?"

మనిషిని మార్చడానికే సమయం పట్టే చోట తొందరపడొద్దని ఆ శాస్త్రమే చెబుతుంది. వరుస ఒక గీత దాటితేనే పంపాలి, అంతకన్నా కింది గీతకు దిగేదాకా వెనక్కి పిలవకూడదు. మా బ్రాంచిలోనూ ఒక గీత ఉంది. కాకపోతే అది నేలమీద కాదు, గొంతులో ఉంది. క్యూలో పాతికమంది ఉన్నా పెద్దమనుషులైతే సున్నా కిందే లెక్క. ఒక్కడే ఉన్నా రంకె వేయగలిగితే కౌంటర్ దిగి వస్తుంది. (యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చునే రైతులు ఇక్కడ నెగ్గలేరు. చెప్పులు అరవవు.)

ఈ పద్ధతిలో నష్టపోయింది పోస్టుమాస్టరుగారే. ముప్పయ్యేళ్ళు కౌంటర్‌కి అటువైపు కూర్చున్న మనిషి, అరవడం చేతకాదు. ఆయన సర్టిఫికెట్ మూడో బల్లమీద, మేడమ్ రెండో బల్ల దగ్గర. పావుగంట చూసి, నా పక్కకు జరిగి, భుజం తట్టారు.

"బాబూ, నీ గొంతు బాగున్నట్టుంది. నా కోసం ఒకసారి అరుస్తావా?"

నేనింకా గొంతు సవరించుకుంటున్నాను, మేడమ్ నీళ్ళ సీసా అందుకున్నారు.