20 వేల కిలోమీటర్లకు బ్రేక్ ప్యాడ్లు, 40 వేలకు డిస్కులు: ఈ లెక్క నమ్మకండి

పోయిన వారం గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "కారు 22 వేలు తిరిగింది. వాట్సాప్‌లో చూస్తే 20 వేలకే ప్యాడ్లు మార్చాలట. సర్వీసు వాళ్లేమో డిస్కులు కూడా మార్చేద్దాం అంటున్నారు. మార్చేయమంటావా?" అని. ఆయన గొంతులో టెన్షన్ విన్నాక ఇది రాయాలనిపించింది.

ఆ మెసేజ్ మా కాలనీ గ్రూపులోనూ తిరిగింది. అందులో ఉన్నది ఇంతే: కారు ఏదైనా 20 వేల కిలోమీటర్లకు బ్రేక్ ప్యాడ్లు, 40 వేలకు డిస్కులు మార్చి తీరాలి. డిస్కు మీద తుప్పు, గీతలు కనిపిస్తే అది పోయినట్టే. చప్పుడు రానంతవరకు భయం లేదు, కీచుమంటే రెండు చుక్కలు ఆయిల్ వేయండి. కంపెనీ ప్యాడ్లు తప్ప బయట దొరికేవన్నీ డూప్లికేట్. సిరామిక్ ప్యాడ్లు వేయిస్తే ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు.

చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం డిస్కు, దాన్ని రెండు వైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు. ముందు కిలోమీటర్ల సంగతి. ఒకే మోడల్ కార్లు రెండు తీసుకోండి. ఒకటి రోజూ విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, బెంజి సర్కిల్ సిగ్నళ్ల దగ్గర ఆగుతూ కదులుతూ తిరుగుతుంది. రెండోది కాజ టోల్‌గేటు మీదుగా హైవేలో గుంటూరు వెళ్లొస్తుంది. మొదటి కారుకు 25 వేలకే ప్యాడ్లు అయిపోవచ్చు, రెండోదానికి 60 వేలు దాటినా మిగలొచ్చు. ఆటోమేటిక్ కారు, నిండా మనుషులు, చివరి నిమిషంలో గట్టిగా తొక్కే అలవాటు... ఇవన్నీ ప్యాడ్‌ను తినేస్తాయి. ఇంద్రకీలాద్రి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగేవాళ్లకూ, కింది దాకా బ్రేకు మీదే కాలు పెట్టుకుని వచ్చేవాళ్లకూ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

చూడాల్సింది మందం. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే టైమ్ వచ్చినట్టు. దాని వెనకుండే ఇనప ప్లేటు మందం ఈ లెక్కలోకి రాదు, చాలామంది దాన్ని కూడా కలిపి చూసి మోసపోతారు. డిస్కుకైతే కంపెనీయే కనీస మందం ఇస్తుంది. చాలా డిస్కుల మీద అంచునో మధ్యలోనో 'మినిమమ్' అని అంకె చెక్కి ఉంటుంది. ఎక్కువ కార్లలో కొత్త మందానికీ దానికీ తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. డిస్కు మందాన్ని మైక్రోమీటర్ అనే పనిముట్టుతో కొలవాలి. వాడిన డిస్కుకు బయటి అంచున అరగని గట్టు మిగులుతుంది కాబట్టి మామూలు వెర్నియర్ స్కేలు పెడితే ఆ గట్టు మందమే చూపిస్తుంది. కొలవకుండానే డిస్కు మార్చమనేవాళ్లను "ఎంతుందండీ?" అని ఒక్క మాట అడగండి. మామూలుగా రెండు మూడు సెట్ల ప్యాడ్లు మారే వరకు ఒక డిస్కు వస్తుంది.

పైపై తుప్పు గురించి భయం అక్కర్లేదు. వాన పడిన మర్నాడు పొద్దున డిస్కు ఎర్రగా కనిపిస్తుంది, నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. సన్నటి గీతలు కూడా మామూలే. గోరు పెట్టి లాగితే తగిలేంత లోతైన గాడులు, నీలం మచ్చలు, పగుళ్లు ఉంటే మాత్రం వదలొద్దు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే డిస్కు మందం చుట్టూ ఒకేలా లేదని అనుమానించాలి. మందం మిగిలి ఉంటే లేత్ మిషన్ మీద స్కిమ్మింగ్ (పైపొర గీసి సమం చేయడం) చేయించుకోవచ్చు, లేకపోతే మార్చుకోవాలి.

ఇక "చప్పుడు లేకపోతే భయం లేదు" అన్న మాట. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే దీన్ని నమ్మి నేనే దెబ్బతిన్నాను. చాలా ప్యాడ్లకు చిన్న స్టీల్ రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికి. నా కారుకు అంతకుముందు ఒక షాపులో వేసిన చవక ప్యాడ్లకు ఆ రేకే లేదు. చక్రం సందులోంచి చూస్తే బయటి ప్యాడ్ నిండుగా కనిపించేది. ఒక సాయంత్రం వారధి మీద బ్రేకు వేస్తే గరగరమని చప్పుడు, కారు ఒక పక్కకు లాగింది. మర్నాడు ఆటోనగర్‌లో చక్రం విప్పి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పైకెత్తి, మేస్త్రి లోపలి ప్యాడ్ నా చేతిలో పెట్టాడు. పదార్థమన్నదే లేదు, ఉత్త ఇనప ప్లేటు, డిస్కుకు రాసుకుని అద్దంలా మెరుస్తోంది. "సార్, పిన్ను పట్టేసింది. బయటి ప్యాడ్ పని చేయట్లేదు, లోపలిది ఒక్కటే అరిగింది" అన్నాడు. క్యాలిపర్ జరగాల్సిన పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టింది. ప్యాడ్లతో పోయేది డిస్కు దాకా వచ్చింది.

అందుకే 10 వేల కిలోమీటర్లకోసారి చక్రం విప్పించి లోపలి ప్యాడ్ కూడా చూపించమనండి. పిన్నులకు వేడి తట్టుకునే బ్రేక్ గ్రీజే పెట్టించండి. ప్యాడ్ మీద, డిస్కు మీద ఆయిల్ వేయమన్న సలహా మాత్రం ప్రాణాల మీదకు తెస్తుంది. బ్రేకు పట్టుకునేదే రాపిడి వల్ల, నూనె తగిలిన ప్యాడ్ జారిపోతుంది. పొరపాటున ఆయిల్ పడితే ఆ ప్యాడ్లు పారేయడమే.

బయట దొరికేవన్నీ డూప్లికేట్ అన్నది కూడా నిజం కాదు. చెన్నైకి చెందిన రానే, బ్రేక్స్ ఇండియా లాంటి సంస్థలు కార్ల కంపెనీలకే ప్యాడ్లు సరఫరా చేస్తాయి, తమ బ్రాండ్లతో బయటా అమ్ముతాయి. నకిలీలూ ఉన్నాయి, కాదనను. బిల్లు ఇచ్చే షాపులో, సీలు చెదరని డబ్బా, ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉన్నది తీసుకోండి. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తుంది. పాత బ్రేకుల దుమ్మును ఎయిర్ పైపుతో ఊదే కుర్రాళ్లను చూస్తే నాకు మనసు ఒప్పదు. కొన్ని ప్యాడ్ల మీద 'ఎఫ్ఎఫ్' లాంటి రెండక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. 'ఈ' కంటే 'ఎఫ్' ఎక్కువ, 'ఎఫ్' కంటే 'జీ' ఎక్కువ. రెండో అక్షరం తగ్గిందంటే ఘాట్ దిగేటప్పుడు పట్టు సడలుతుందని అర్థం.

సిరామిక్‌కు దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ. అయినా అదీ అరుగుతుంది. మెటల్ కలిసినవి వేడికి ఆగుతాయి, డిస్కును కొంచెం ఎక్కువ తింటాయి. రోజూ ఊళ్లో తిరిగే చిన్న కారుకు కంపెనీ ఇచ్చిన రకమే చాలు. ఏది వేసినా ఎడమ, కుడి రెండూ ఒకేసారి మార్చండి, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకండి.

బావగారు ఆదివారం కారు తెచ్చారు. బయటి ప్యాడ్ 7, లోపలిది 6 మిల్లీమీటర్లు. డిస్కు 21.6, దాని మీద చెక్కిన కనీసం 20. ఏదీ మార్చలేదు. ఆ మెసేజ్‌లో ఎక్కడా లేని బ్రేక్ ఆయిల్ మాత్రం నాలుగేళ్లుగా అదే ఉంది, టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, పెడల్ లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సింది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్త సీసా అక్కడే విప్పించి, నాలుగు చక్రాల బ్రేకు పైపుల్లోని గాలి తీయించి, సాయంత్రం పంపించాను.