పోపు ఒక చోట, అన్నం ఒక చోట

మా బావమరిది కొత్త ఇంట్లో పన్నెండడుగుల గదికి ప్రీయాంప్ ప్రాసెసర్, అంటే సినిమా శబ్దాన్ని విడదీసి ఏ స్పీకరుకు ఏది వెళ్లాలో పంచే పెట్టె, ఎంపిక చేయడానికి మొన్న ఆదివారం హైదరాబాదులోని ఒక ఆడియో దుకాణానికి వెళ్లాము. విక్రేత ఆ పెట్టె మీద మృదువుగా చెయ్యి వేసి, స్థలపురాణం చెప్పే అర్చకుని గొంతుతో, “ఇందులో యాంప్లిఫయర్ ఉండదు సార్” అన్నారు. లేకపోవడమే దాని మహిమ. స్పీకర్లను పలికించే బలమిచ్చే యాంప్లిఫయర్లతో సహా అన్నీ ఒకే పెట్టెలో ఉండే రిసీవరు తక్కువ ధరకే దొరుకుతుంది; అవి తీసేసిన ఈ పెట్టెకు మాత్రం లక్షలు చెల్లించుకోవాలి. పులిహోర పోపు మేమిస్తాము, అన్నం మీరు వేరే కొనుక్కోండి, కలుపుకోవడానికి గరిటె ఖరీదు అదనం అనే వ్యాపారాన్ని నవ్వకుండా నడపడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు.

ఇందులో శాస్త్రమేమీ లేదని నేను అనను. యాంప్లిఫయర్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను, వాటి వేడిని సున్నితమైన సంకేతానికి దూరంగా ఉంచడం మంచిదే. అయితే విక్రేత చెప్పిన 7.1.4 అమరిక అంటే చెవుల ఎత్తున ఏడు స్పీకర్లు, మంద్ర శబ్దాలకు ఒక సబ్‌ఊఫర్, నెత్తి మీద మరో నాలుగు. మావాడి సోఫా గోడకు ఆనుకొని ఉంది కనుక, వెనుక స్పీకర్లు రెండింటినీ పక్క ఫ్లాటు వారి పూజగదిలో పెట్టాలి. ఈ సంగతి విన్నవించుకోగా విక్రేత కాసేపు ఆలోచించి, పదిహేను చానళ్ల మోడల్ చూపించారు.

గదిలోని లోపాలన్నీ ప్రాసెసరే సరిదిద్దుతుందని ఆయన అభయమిచ్చారు. ఆ సరిదిద్దడం ఎలా ఉంటుందో మా ఇంట్లోని పాత ప్రాసెసర్‌తో నాకు అనుభవమే. సోఫా మీద మైకు నిలబెట్టి, ఒకటి తరువాత ఒకటిగా ఎనిమిది చోట్ల కొలతలు తీయాలి. అంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఫ్యాను ఆపాము. ఫ్రిజ్ ఆపాము. కుక్కరు మూడో విజిల్‌కు సిద్ధంగా ఉండగా మా అత్తగారు స్టవ్ ఆపేసి, చేతిలో గరిటెతో కదలకుండా నిలబడ్డారు. ఏడు చోట్లు పూర్తయ్యాయి. ఎనిమిదో చోట స్పీకరు గుయ్‌మనగానే వీధిలోకి ఆటో వచ్చి, “ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు” అని రికార్డు వేసింది. పరిసరాలలో శబ్దం ఎక్కువగా ఉందని, మళ్లీ కొలవమని తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆటో మా గుమ్మం ముందే ఆగింది, ఎందుకంటే మా అత్తగారే దాని ఖాతాదారు. ఆ రోజు మేము మధ్యాహ్నం భోజనం నాలుగు గంటలకు చేశాము. ఇంతా చేస్తే, మా ఇంట్లోనూ ఉన్న పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర పుట్టే గుంయ్‌మనే మోత కొంత తగ్గింది కాని, అదే శబ్దం పూర్తిగా మాయమయ్యే చోటును ఏ ప్రాసెసరూ పూడ్చలేదు. మా సోఫా సరిగ్గా అక్కడే ఉంది.

ఇవన్నీ నవ్వుకొని వదిలేయవచ్చు. నేను క్షమించలేనిది ఒకటుంది. మా ఇంట్లోని ఆ పాత ప్రాసెసర్‌ను నేను 2013లో కొన్నాను. మరుసటి సంవత్సరమే నెత్తి మీది నుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ ఇళ్లకు వచ్చింది; సరే, విద్య పెరిగింది అనుకున్నాను. 2016లో 4కె డిస్కులు వచ్చాక, హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ నిరోధక తాళం నా పెట్టెకు లేదు కనుక, దాని గుండా 4కె బొమ్మను పోనివ్వనని ప్లేయరు మొరాయించింది. డబ్బిచ్చి కొన్న డిస్కును, డబ్బిచ్చి కొన్న ప్లేయరులో పెట్టుకుని, తన ఇంట్లో తాను కూర్చున్న మనిషిని దొంగగా అనుమానించే తాళమది! దొంగలు ఆ తాళాన్ని ఎన్నడూ చూడనే లేదు, వారు కాపీ దించుకుని హాయిగా చూశారు. నా పెట్టెలో శబ్దానికి సంబంధించిన ఒక్క భాగమూ చెడిపోలేదు. వినడానికి కొన్న యంత్రాన్ని బొమ్మకు సంబంధించిన సాకుతో చంపడం సాంకేతిక ప్రగతి కాదు, పచ్చి దోపిడీ. అదే రోజు కొన్న పవర్ యాంప్లిఫయర్ నేటికీ నిక్షేపంగా పలుకుతోంది.

అందువల్ల విక్రేతను ఒకటే అడిగాను: బొమ్మను, శబ్దాన్ని ఒకే తీగలో మోసే హెచ్‌డీఎంఐ రేపు మారితే, లోపలి బోర్డు ఒక్కటే మార్చి ఇస్తారా? ఆయన టీ తెప్పించారు.

టీ తాగేలోపు మా బావమరిది అడ్వాన్సు కట్టేశాడు. “బావా, ఇంకేమైనా చూసుకోవాలా?” అని దారిలో అడిగాడు. వాళ్ల వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో ఎన్ని గంటలకు వస్తుందో కనుక్కోమన్నాను.