'నాకోసారి చూపించు' గారికి

అయ్యా,

మీకూ నాకూ పరిచయమై ఆరేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఓ పీజీ గదిలో నలుగురం కూర్చుని కిరాణా కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజుల్లో మీరు చాలా మంచివారు. ఏ మెయిల్ కదిలినా "నాకోసారి చూపించు" అనేవాణ్ణి, రెండు నిమిషాల్లో తేలిపోయేది. నలుగురంటే మాట్లాడుకునే జతలు ఆరే కదా. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో 24 మందిమి, జతలు 276, ఆ మాటలన్నీ నా ఫోన్లోంచే పోవాలని మీ పట్టుదల.

పోయిన నెల ఒంగోల్లో మా చెల్లి పెళ్లి. లాజహోమం దగ్గర దాని దోసిట్లో పేలాలు పొయ్యాల్సిన అన్నని, ఓ చేత్తో పేలాల పళ్లెం, ఇంకో చేత్తో ఫోన్ స్పీకర్లో పెట్టి "నాలుగు, ఏడు, సున్నా..." అని ఓటీపీ చదువుతున్నాను. పంతులుగారు మంత్రం తప్పారు. చుట్టాలంతా ఏదో కోట్ల వ్యవహారం అనుకుని గుసగుసగా మెచ్చుకున్నారు కూడా. మా ఆఫీసుకొచ్చిన నీళ్ల ట్యాంకర్ బిల్లండీ అది, 1,200 రూపాయలు! డబ్బు పడితేగానీ పైపు విప్పనని డ్రైవర్ అక్కడ ఆఫీసు కింద భీష్మించుకుని కూర్చున్నాడట.

అలాగని నేను లీడర్‌షిప్ నేర్చుకోలేదనుకోకండి. కోరమంగళలో రెండు రోజుల వర్క్‌షాపు, 18 వేలు, జీఎస్టీ అదనం. అమెజాన్ పెట్టిన జెఫ్ బెజోస్ 2015 నాటి వాటాదారుల లేఖలో రాసిన సంగతి అక్కడ చెప్పారు: వెళ్తే వెనక్కి రాలేని తలుపులు కొన్నే, నచ్చకపోతే ఇవతలికి వచ్చెయ్యగలిగినవే ఎక్కువ, ఆ రెండో రకం దగ్గర తాత్సారం వద్దని. బుద్ధిగా రాసుకున్నాను. సోమవారం వచ్చి ఎవరు ఏ నిర్ణయం సొంతంగా తీసుకోవచ్చో నాలుగు పేజీల పాలసీ తయారుచేశాను. చివరి వాక్యం మాత్రం మీరు రాయించిందే: "పై వాటిలో ఏది చేసే ముందైనా నాకోసారి చూపించాలి." దీపావళి స్వీటు డబ్బా రంగు కూడా మీ లెక్కలో వెనక్కి రాలేని తలుపే మరి.

సేల్స్‌లో ఓ కుర్రాడు చేరిన కొత్తలో మూడు కొటేషన్లు తెచ్చి, ఇది మేలు సార్, ఎందుకంటే అని వాదించేవాడు. ఇప్పుడు ఒక్కటే తెస్తాడు, అందులోనూ కూడిక తప్పు. "మీరెలా అంటే అలా సార్" అంటాడు. దాన్ని నేను గౌరవమనుకున్నాను చూడండి, ఆ ఘనత మీదే.

మొన్న బ్యాంకుకెళ్లి 10 వేల లోపు చెల్లింపులు మా అకౌంట్స్ అమ్మాయే చేసుకునేలా రాసిచ్చి వచ్చాను. నిన్న ఆ అమ్మాయి వేరే ట్యాంకర్‌ని పిలిచింది. 200 ఎక్కువ. రాత్రి పదకొండున్నరకి "ఎందుకమ్మా?" అని టైప్ చేసి కూర్చున్నాను, మీరూ పక్కనే ఉన్నారుగా. ఇంకా పంపలేదు.

ఇట్లు,
మీవాడే