కాఫీతోపాటు బీపీ మాత్ర కూడా మానేయమన్న ఆ మెసేజ్ గురించి

పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళ గ్రూపులో మూడుసార్లు, కాలేజీ గ్రూపులో ఒకసారి. చివరికి మా చిన్నత్తయ్య విడిగా పంపింది, ‘నువ్వు మందుల షాపులో ఉంటావు కదా, ఇది నిజమేనా చెప్పు’ అని. నిజమా అని అడిగింది ఆవిడొక్కర్తే. మిగతావాళ్ళంతా దణ్ణం బొమ్మ పెట్టి ముందుకు తోసేశారు.

మెసేజ్ పేరు ‘కప్పులో విషం’. అందులో ఉన్నది ఇది: కాఫీ ఎముకల్లోని కాల్షియం అంతా లాగేస్తుంది. ఒక కప్పు తాగితే మూడు కప్పుల నీళ్ళు ఒంట్లోంచి పోతాయి. క్యాన్సర్ తెస్తుంది. గ్రీన్ టీలో కెఫీన్ ఉండదు కాబట్టి అది తాగండి. కాఫీ మానినప్పుడు తలనొప్పి వస్తే విషం బయటికి పోతోందని అర్థం. సాయంత్రం నాలుగు దాటాక తాగితే నిద్ర పాడవుతుంది. ఇరవై ఒక్క రోజులు మానేస్తే బీపీ, షుగర్ నార్మల్‌కి వచ్చేస్తాయి, ఇక ఏ మాత్రలూ అక్కర్లేదు. చివర్న ఈ వాక్యం మాత్రం మన విశాఖ వాళ్ళెవరో కలిపినట్టున్నారు: తాగక తప్పదనుకుంటే అరకు కాఫీ తాగండి, సేంద్రియం కాబట్టి అందులో కెఫీన్ ఉండదు.

చిన్నవి ముందు తేల్చేస్తాను.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే నాకూ గర్వమే. కానీ కెఫీన్ ఎరువులోంచి రాదు, ఆ మొక్కే తయారుచేసుకుంటుంది. సేంద్రియంగా పండించినా ఉంటుంది. అరకులో పండేది అరబికా, అందులో రోబస్టాతో పోలిస్తే కెఫీన్ దాదాపు సగం. అది రకాన్ని బట్టి వచ్చే తేడా. కెఫీన్ అసలు లేనిది చికోరీలో. మీ పొడిలో చికోరీ ఎంత ఎక్కువుంటే కెఫీన్ అంత తక్కువ.

గ్రీన్ టీ కూడా తేయాకే. కెఫీన్ ఉంటుంది, కాఫీలో కన్నా తక్కువ, అంతే.

కప్పుకి మూడు కప్పుల నీళ్ళు పోవడం నిజమైతే, రోజుకి నాలుగు కప్పులు తాగేవాళ్ళు వారం తిరక్కుండా ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకోవాలి. 2014లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కాఫీ అలవాటున్న యాభై మంది మగవాళ్ళకి రోజుకి నాలుగు మగ్గుల కాఫీ ఇచ్చి, తర్వాత అంతే నీళ్ళు ఇచ్చి పోల్చి చూశారు. ఒంట్లో నీటి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కాల్షియం కొద్దిగా పోతుంది, నిజమే. కప్పుకి రెండు మూడు చెంచాల పాలు పడితే ఆ లోటు తీరిపోతుంది. మన ఇళ్ళలో కాఫీ అంటే సగానికి పైగా పాలే.

క్యాన్సర్ మాట పాతది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీని అనుమానితుల జాబితాలో పెట్టింది. 2016లో మళ్ళీ అన్నీ పరిశీలించి అందులోంచి తీసేసింది. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది: 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకి ప్రమాదం ఉండొచ్చని. కాబట్టి పొగలు కక్కుతుండగా గొంతులో పోసుకోకండి. ఈ జాగ్రత్త మెసేజ్‌లో ఎక్కడా లేదు.

‘విషం’ అన్న మాట నన్ను మరీ బాధపెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఊపిరి తీసుకోవడం మధ్యలో ఆగిపోతుంటే, ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, వాళ్ళకి ఇచ్చే మందు కెఫీన్ సిట్రేట్. కిలోన్నర కూడా లేని పసికందుకి లెక్కగట్టి ఇస్తారు. ఎంత మోతాదు, ఎవరికి, ఎప్పుడు అన్నదే అసలు సంగతి. శుద్ధ కెఫీన్ పొడి ఒక చెంచా మింగితే పెద్దవాళ్ళకైనా ప్రాణాపాయమే. ఆ పొడినీ స్టీలు గ్లాసులోని ఫిల్టర్ కాఫీనీ ఒకే మాటతో పిలిస్తే జనానికి ఏం తెలుస్తుంది?

ఇప్పుడు అసలు పాయింటు. ఇది లేకపోతే నేను ఇంత రాసేదాన్ని కాదు.

మాది గాజువాకలో చిన్న మందుల షాపు. పద్నాలుగేళ్ళ నుంచి నడుపుతున్నాను. స్టీల్ ప్లాంట్ షిఫ్టులు దిగి వచ్చేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, నెలకోసారి బీపీ, షుగర్ మాత్రలు పట్టుకెళ్ళేవాళ్ళే మాకు ఎక్కువ. పోయిన సోమవారం సాయంత్రం ఒక పెద్దాయన వచ్చారు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. కౌంటర్ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డారు.

“తల దిమ్ముగా ఉందమ్మా. తలనొప్పి మాత్రొకటియ్యి.”

నెల మాత్రలు తీసుకెళ్ళాల్సిన తేదీ దాటిపోయిందని నాకు గుర్తొచ్చింది. “బీపీ మాత్రలకి రాలేదేం బాబాయ్ గారూ?” అన్నాను.

“మానీసేనమ్మా. కాఫీ మానీసేను, మాత్రా మానీసేను. ఇయ్యాల తొమ్మిదో రోజు. ఇంకా పన్నెండు రోజులున్నాది.” జేబులోంచి ఫోన్ తీసి చూపించారు. అదే మెసేజ్.

ఫ్యాన్ కింద స్టూల్ వేసి కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు ఆగి బీపీ చూశాను. 188/106. ఇంకో ఐదు నిమిషాలాగి రెండో చేతికి చూశాను. 184/104. వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి, ఆటో పిలిచి డాక్టర్ దగ్గరికి పంపించాను. ఆటో ఎక్కుతూ ఆయనన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది: “విషం బయటికి పోతందనుకున్నాను గదమ్మా.”

మెసేజ్‌లోని తలనొప్పి పాయింటూ మాత్రల పాయింటూ కలిసి ఆయన్ని ఇక్కడికి తెచ్చాయి. రోజూ కాఫీ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. మొదటి రెండు రోజులు బాగా ఉంటుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా లాగుతుంది. అలవాటైన కెఫీన్ అందక మెదడులో రక్తనాళాలు వెడల్పవడం దీనికో కారణం. విషం పోవడం కాదు. కొన్ని తలనొప్పి మాత్రల స్ట్రిప్ వెనక చదవండి, పారాసిటమాల్ పక్కనే కెఫీన్ అని ఉంటుంది. బయటికి పోతున్నది విషమే అయితే, అదే మళ్ళీ మింగితే నొప్పి ఎలా తగ్గుతోంది? కాఫీ మానాలనుకుంటే రోజుకి కాస్త కాస్త తగ్గించుకుంటూ రండి, ఈ నొప్పి దాదాపు ఉండదు. ప్రమాదం ఎక్కడంటే, బీపీ పెరిగి తల దిమ్మెక్కుతున్న మనిషి కూడా ‘మంచిదే, శుభ్రమవుతోంది’ అనుకుని ఓర్చుకుంటాడు. మా బాబాయ్ గారు తొమ్మిది రోజులు ఓర్చుకున్నారు.

మాత్ర మానిన మొదటి రోజుల్లో ఏమీ కాకపోవడం కూడా ఈ మెసేజ్‌కి కలిసొస్తుంది. ఆయన వాడేది అమ్లోడిపిన్, అటెనొలాల్ కలిసిన మాత్ర. ఒంట్లో ఉన్న అమ్లోడిపిన్ సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే మాత్ర మానినా రెండు మూడు రోజులు దాని పని అది చేస్తూనే ఉంటుంది. ‘చూశావా, మాత్ర లేకపోయినా బావున్నాను’ అనిపిస్తుంది. ఆ పేరు కాఫీ మానడానికి వస్తుంది. అటెనొలాల్ సంగతి ఇంకా ఘోరం. దాన్ని ఉన్నపళంగా ఆపకూడదు. గుండె దడ పెరుగుతుంది, గుండెజబ్బున్నవాళ్ళకి గుండెపోటు కూడా రావచ్చు. డాక్టర్లు ఆపాల్సి వచ్చినా మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ‘ఇక ఏ మాత్రలూ అక్కర్లేదు’ అని రాసిన చేతికి ఇది తెలుసా? తెలియకపోతే ఎందుకు రాసినట్టు? బాబాయ్ గారికి ఏమైనా అయ్యుంటే ఆ గ్రూపుల్లో ఎవరు జవాబు చెప్పేవారు? దణ్ణం బొమ్మ పెట్టినవాళ్ళా?

కాఫీ బీపీ పెంచదా అంటే, పెంచుతుంది. బీపీ ఉన్నవాళ్ళు రెండు మూడు కప్పుల కెఫీన్ ఒకేసారి తీసుకుంటే పై అంకె సుమారు 8 పాయింట్లు పెరుగుతుంది, మూడు గంటలపాటు ఆ ప్రభావం ఉంటుంది. రోజూ తాగేవాళ్ళలో అంత కనబడదు. బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ తాగొద్దని చెప్పేది అందుకే. ఎనిమిది పాయింట్ల సంగతికీ 188కీ పొత్తు కుదరదు. ఆ మిగతా భారమంతా ఇన్నాళ్ళూ ఆ చిన్న మాత్ర మోస్తోంది.

షుగర్ విషయంలో కాఫీని తిట్టడం అన్యాయం. తిట్టాల్సింది అందులోని పంచదారని. పూటకి రెండు చెంచాలు, రోజుకి నాలుగుసార్లంటే ముప్పై గ్రాములు దాటుతుంది. ఆ నాలుగు కప్పులూ మానేస్తే షుగర్ అంకె కొంచెం దిగొచ్చు, ఆ పంచదార తగ్గినందుకు. అయినా మాత్ర ఆపాలో వద్దో చెప్పాల్సింది మీకు మందు రాసిన డాక్టరు.

బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళకి మాత్రం ఒక మాట. జపాన్‌లో పద్దెనిమిది వేల మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి 2022లో ఫలితాలు వేశారు. బీపీ 160/100 దాటినవాళ్ళు రోజుకి రెండు కప్పులో అంతకన్నా ఎక్కువో తాగితే, గుండెజబ్బుతో, పక్షవాతంతో చనిపోయే ప్రమాదం తాగనివాళ్ళకి రెండింతలు కనబడింది. ఒక కప్పుతో ఆగినవాళ్ళలో అది కనబడలేదు. కాబట్టి అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు కాఫీ తగ్గించుకోవడం మంచిదే. మాత్ర వేసుకుంటూ తగ్గించుకోవాలి.

ఇక నిద్ర. ఇది చదివినప్పుడు మెసేజ్ మొత్తం కొట్టిపారేద్దామనుకున్నదాన్ని ఆగిపోయాను. ఎందుకంటే ఆ ముక్క నిజం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదకొండుకి ఇంకా మనలోనే ఉంటుంది. గర్భిణులకి నెలలు నిండేకొద్దీ ఈ సమయం పదిహేను గంటల దాకా వెళ్ళొచ్చు. 2013లో ఒక పరిశోధనలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినా, ఆ రాత్రి నిద్ర గంటకి పైగా తగ్గింది. నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుందని నేను చాలా ఏళ్ళు వాదించాను. నిద్ర పట్టడం వేరు, సరిపడా పట్టడం వేరు. షాపులో సాయంత్రం ఆరున్నర కాఫీ మానేసి నెలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం తగ్గింది. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసే మా కుర్రాళ్ళకి ఇప్పుడు చెబుతున్నాను, డ్యూటీ ఎక్కేముందు తాగండి, తెల్లారుజామున నాలుగింటికి తాగకండి, ఇంటికెళ్ళి పడుకోవాలి కదా అని.

రోజుకి ఎంతవరకు అంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన హద్దు 300 మిల్లీగ్రాములు. దాని లెక్కలో 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటాయి. పెద్ద గ్లాసుతో తాగేవాళ్ళు దాన్ని ఒక కప్పుగా లెక్కేసుకోకూడదు. గర్భిణులు 200 దాటకుండా చూసుకోవాలి.

అదే సంస్థ చెప్పిన మరో మాటని ఆ మెసేజ్ రాసినవాళ్ళు వదిలేశారు. అన్నం, టిఫిన్ తినడానికి గంట ముందూ, తిన్నాక గంట వరకూ కాఫీ, టీ వద్దు. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. ఇడ్లీ తింటూ కాఫీ, ఐరన్ మాత్ర వేసుకుని పైన టీ. ఇది నేను మా కౌంటర్ దగ్గర రోజూ వింటాను. ఫార్వర్డ్ చెయ్యాలంటే ఈ సంగతి చెయ్యండి.

నిన్న రాత్రి చిన్నత్తయ్యకి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. అంతా విని ఆవిడ అన్నారు, “అయితే పరవాలేదన్నమాట. నేను పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కాఫీతోనే వేసుకుంటాను.”

ఆరేళ్ళుగా వేసుకుంటున్నారట. మధ్యలో రెండుసార్లు డోసు పెంచారట కూడా. కాఫీతో వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. మంచినీళ్ళతో వేసుకోండి, గంట ఆగి కాఫీ తాగండి, ఆరు వారాలయ్యాక రక్తపరీక్ష చేయించి డాక్టర్‌కి చూపించండి అన్నాను.

“కాఫీ మానక్కర్లేదా?” అని మళ్ళీ అడిగారు.

“అక్కర్లేదత్తయ్యా. గంట ఆగితే చాలు.”