చుక్కలు పెట్టేశాక అడుగుతారా?

విశాఖపట్నంలో మా వార్డులో కరెంటు బళ్లకి చార్జింగ్ స్టేషన్లు ఎక్కడ పెట్టాలో జనాన్ని అడుగుతామని మీటింగ్ పెట్టారు. ఎప్పుడు? బుధవారం పొద్దున్న పదకొండింటికి! ఆ టైముకి గాజువాకలో డ్యూటీలో ఉన్నవాళ్లు ఎలా వస్తారు? ఆటో తోలేవాళ్లు కిరాయిలు వదులుకుని వస్తారా? నోటీసు కూడా ముందురోజు సాయంత్రం ఆఫీసు గోడకి అంటించారు. అంతే.

నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. మ్యాప్ మీద చుక్కలు అప్పటికే పెట్టేసి ఉన్నాయి. అన్నీ బీచ్ రోడ్డు వైపే. ఇంక మమ్మల్ని అడగడం ఎందుకు? ఆ ఉప్పుగాలికి ఇంటి గేట్లే తుప్పు పడతాయి, చార్జర్లు ఎన్నాళ్లు ఆగుతాయి? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు ఇది. తుపానుకి ఏం ఏర్పాటు చేస్తారని అడిగితే జవాబే లేదు.

అసలు అవసరం ఎవరికి? అక్కయ్యపాలెం, కంచరపాలెం సందుల్లో పార్కింగ్ లేని ఇళ్లలో ఉండేవాళ్లకి. మా పక్కింటి కుర్రాడు రెండో అంతస్తు నుంచి వైరు వేలాడదీసి స్కూటర్‌కి చార్జింగ్ పెడతాడు. వాన పడితే నాకు ఒకటే టెన్షన్. పిల్లలు ఆడుకునే సందు అది! కారు సంగతి ఇంకా కష్టం. 30 యూనిట్ల బ్యాటరీని 3.3 కిలోవాట్ల చార్జర్ మీద నింపాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది. రాత్రంతా బండి అక్కడే ఉండాలి. అది ఇంటికి దగ్గర్లో లేకపోతే ఏం లాభం?

మీటింగ్ ఆదివారం పెట్టండి. ఆటో స్టాండ్లకి మీరే రండి. వచ్చేటప్పుడు చుక్కలు పెట్టని మ్యాప్ తీసుకురండి.