అంబాసిడర్‌కి కొత్త స్ప్రింగులు

విజయనగరంలో మేం మేడ మీద అద్దెకుంటాం. కింద ఇంటిగలవాళ్లు, అంటే బాబాయ్‌గారూ పిన్నిగారూ, కారు షెడ్డులో ఏం మాట్లాడుకున్నా మెట్ల మీదకి స్పష్టంగా వినిపిస్తుంది. శనివారం పొద్దున్న కాఫీ గ్లాసుతో అక్కడే ఉన్నాను.

బాబాయ్: ఏమే, స్ప్రింగులొచ్చాయి. ఇవాళ మార్చేస్తాను.

పిన్ని: నిజంగానా! ఇన్నాళ్లకి నా మీద దయ కలిగిందన్నమాట. ఉండండి, అప్పకి ఫోన్ చేస్తాను. రేపు అరసవల్లి మన కారులోనే.

బాబాయ్: దయేటి మధ్యలో? ఒకటి విరిగింది. అలాగే తిప్పితే మొత్తం పాడవుతుంది.

పిన్ని: విరిగిందని సంక్రాంతి నుంచీ మొత్తుకుంటున్నాను కదండీ!

బాబాయ్: నీకెలా తెలిసింది?

పిన్ని: నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? గతుకొస్తే చాలు, ప్రాణం జివ్వుమంటోంది.

బాబాయ్: (ముచ్చటపడిపోయి) గతుకుల్లో కాదే, ఎత్తు ఎక్కేటప్పుడు. సాలూరు ఘాటీలో చూశావు కదా, టకటకమని ఒకటే శబ్దం. బండి లాగనే లేదు.

పిన్ని: ఘాటీలో అయితే మరీను. దారంతా ఒక పక్కకి ఒరిగే కూర్చున్నాను.

బాబాయ్: మూడో నంబరుదని నా అనుమానం.

పిన్ని: మూడూ కాదు, నాలుగూ కాదు. కుడివైపు కిటికీ దగ్గరది.

కిటికీ ఎక్కడ్నుంచి వచ్చిందని ఆయన అప్పుడే అడిగుంటే సరిపోయేది. అడగలేదు. బానెట్ ఎత్తారు.

పిన్ని: వెనక సీటు స్ప్రింగుకి ముందు బానెట్ ఎందుకెత్తారండీ?

బాబాయ్: సీటేటి! ఇవి వాల్వు స్ప్రింగులు. ఇంజన్‌వి.

పిన్ని: (ఒకటి అరచేతిలో పెట్టుకుని) నేనూ అనుకుంటూనే ఉన్నాను, ఈ బుల్లి స్ప్రింగు మా అప్పని ఏం మోస్తుందా అని.

బాబాయ్: దాని మీద ఎవరూ కూర్చోరు. రాకర్ నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది. తిరిగి మూసేది ఈ స్ప్రింగే. 4 సిలిండర్లు, ఒక్కోదానికి 2 వాల్వులు: గాలి రావడానికి ఇన్‌టేక్, పొగ పోవడానికి ఎగ్జాస్ట్. మొత్తం 8 స్ప్రింగులు.

పిన్ని: వచ్చే గాలికీ పోయే పొగకీ 8 కొన్నారు. కట్టుకున్నదానికి ఒక్కటి కొనలేదు.

బాబాయ్: ఒకటి విరిగిందంటే మిగతావీ అలసిపోయే ఉంటాయని అన్నీ తెచ్చాను.

పిన్ని: వాటి అలసట తెలిసింది. సంతోషం.

ఆయన రాకర్ షాఫ్టు విప్పి, రాకర్లని కిందనుంచి నెట్టే పుష్ రాడ్లు తీసి, అట్టముక్కకి కన్నాలు పెట్టి వరసగా గుచ్చారు. ఇంతలో ఆవిడ పెరట్లోకెళ్లి వచ్చింది.

పిన్ని: నా దుప్పట్లు జామచెట్టెందుకు ఎక్కాయండీ?

బాబాయ్: తాడు కావలసొచ్చింది. స్పార్క్ ప్లగ్గు విప్పి ఆ కన్నంలోంచి తాడు కుక్కి, హ్యాండిల్ తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడుని వాల్వులకేసి అదుముతుంది. అప్పుడు స్ప్రింగు తీసినా వాల్వు సిలిండర్లోకి జారిపోదు. ఇంజన్ హెడ్డు దింపే పని లేదు.

పిన్ని: ఇంట్లో నూలుతాడు లేదా?

బాబాయ్: నూలుదైతే పోగులు ఊడి లోపలే ఉండిపోతాయి. నైలాన్‌ది ఇదొక్కటే ఉంది.

పిన్ని: కొస బయటే ఉంచారు కదా? అదీ లోపలికి పోతే రేపట్నుంచి నా చీరలు కార్బురేటర్ మీద ఆరెయ్యాలి.

ఇంత అంటూనే పాత చీర చింపి తెచ్చి, పుష్ రాడ్ల కన్నాలన్నిటికీ గుడ్డలు కుక్కింది. ఎవరూ చెప్పలేదు. కన్నం కనిపిస్తే మూసెయ్యడం ఆవిడ అలవాటు. అదే కాపాడింది. ఆయన కంప్రెసర్‌తో స్ప్రింగుని నొక్కగానే దాన్ని వాల్వుకి పట్టి ఉంచే రెండు లాకుల్లో ఒకటి టింగుమని ఎగిరిపోయింది.

బాబాయ్: అయిపోయింది! అడుగున ఆయిల్ సంపులోకి పోయింది! ఇప్పుడు కిందంతా విప్పాలి!

పిన్ని: నా గుడ్డలు దాటి ఎక్కడికీ పోదు. కదలకండి. (బనియన్ మడతలోంచి తీసి) బియ్యపుగింజంత ఉందా లేదా, దీనికింత హడావిడా!

బాబాయ్: ఇదూడితే వాల్వు లోపల పడి ఇంజన్ ముక్కలవుతుంది, తెలుసా?

పిన్ని: మరి అంతటిదాన్ని కళ్లజోడు లేకుండా ఎలా పెడదామని?

కొత్త స్ప్రింగు వేశాక ఆవిడే జడపిన్ను కొసకి గ్రీజు అంటించి, దానికి లాకు అతికించి, వాల్వు కాడ మీదున్న సన్నటి గాడిలో నెమ్మదిగా ఆనించింది. గ్రీజు పట్టుకుంది. రెండోదీ అంతే. ఆయన ఊపిరి బిగబట్టి కంప్రెసర్ వదిలారు. లాకులు కదల్లేదు. నుదుటి చెమట ఆయన కళ్లలోకి కారుతుంటే ఆవిడ కొంగుతో తుడిచింది.

పిన్ని: తల తిప్పండి. కళ్లల్లో పడితే స్ప్రింగులు ఎక్కడ పెడతారో ఏటో.

ఎనిమిది స్ప్రింగులూ అయ్యేసరికి సాయంత్రమైంది. మధ్యలో భోజనాలయ్యాయి, మీ వాళ్లు మా వాళ్లు అన్న వాదనా అయింది. ఆయన సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో టాపెట్లు సరిచేశాక ఇంజన్ స్టార్టయింది. టకటక లేదు.

బాబాయ్: విన్నావా? కుట్టుమిషన్‌లా ఉంది!

పిన్ని: బాగుంది. ఇప్పుడలా వెనక సీట్లో కూర్చోండి.

బాబాయ్: ఎందుకు?

పిన్ని: కుడివైపు, కిటికీ దగ్గర. వెనక నుంచి కూడా శబ్దం విందురుగాని.

పాపం, కూర్చున్నారు. మరుక్షణం తల కారు టాపుకి తగిలింది.

బాబాయ్: అమ్మో!

పిన్ని: ఏది విరిగిందండీ? ఇన్‌టేకా, ఎగ్జాస్టా?