అనంతరం విందు

తెలుగుతో ఒక చిక్కుంది. అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా గడగడా చదివేయొచ్చు. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘నైఫ్’ ముందు ‘కె’ ఎందుకొచ్చి కూర్చుందో తెలియని పిల్ల అక్కడే ఆగిపోతుంది, రాలేదని మనకీ తెలిసిపోతుంది. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వస్తే చాలు, ‘కింకర్తవ్యతావిమూఢుడు’ని కూడా ఊపిరి తీసుకోకుండా దాటేసి పేజీ తిప్పేస్తారు. నాలుగో తరగతి చదివే మా బుజ్జి సరిగ్గా ఆ బాపతు.

పేరెంట్స్ మీటింగ్‌లో తెలుగు మేడమ్ ఆ మాటే అన్నారు. “చదవడం బ్రహ్మాండమండీ. అర్థం అడిగితేనే కిటికీలోంచి బయటికి చూస్తుంది.” ఆ రాత్రే నేను రంగంలోకి దిగాను.

“తెలియని మాట వస్తే వెంటనే నన్ను అడక్కు. విడగొట్టి చూడు. లోపల నీకు తెలిసిన ముక్క ఏదో ఒకటి దొరుకుతుంది. తర్వాత ముందూ వెనకా ఏముందో చూసి, అర్థం అతికిందా లేదా సరిచూసుకో.”

ఈ రెండో సగం దాని చెవిన పడలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి సగం మాత్రం బాగా ఎక్కింది. ముందు ‘అ’ ఉంటే కాదని, లేదని: న్యాయం, అన్యాయం. తర్వాత అచ్చు వస్తే ఆ ‘అ’ కాస్తా ‘అన్’ అవుతుంది: ఆరోగ్యం, అనారోగ్యం. అనంతం అంటే అంతం లేనిది, ఆకాశంలాగా. ‘స’ ఉంటే దానితో కూడినదని: సకుటుంబం. ‘ఉప’ అంటే పక్కనుండే చిన్నది: ఉపనది, ఉపగ్రహం. పిల్ల కళ్ళు మెరిశాయి. నాకు లోలోపల ఒక వ్యాకరణ పండితుడు మీసం తిప్పాడు.

వారం తిరక్కుండానే సమోసా అంటే ‘మోసంతో కూడినది’ అయింది. లోపల బంగాళాదుంప తక్కువుందని సాక్ష్యం కూడా చూపించింది. ఉపకారం అంటే కొంచెం కారం. “ఉపన్యాసం ఆపి అన్నానికి రండి” అని మా ఆవిడ కేకేస్తే, “ఉప అంటే చిన్నది కదమ్మా, నాన్నది చిన్నది కాదుగా!” అంది. ఒకరోజు కథల పుస్తకంలో ‘ఆ ఊరికి పెద్ద ఉపద్రవం వచ్చిపడింది’ అని ఉంటే, ద్రవం సైన్సు పాఠంలో ఉంది కాబట్టి ఉపద్రవం అంటే కొంచెం నీళ్ళని తేల్చేసింది.

“కొంచెం నీళ్ళకే ఊరంతా మూటాముల్లె సర్దుకుని పారిపోతారటే?”

కాసేపు ఆలోచించింది. “వాళ్ళకి ఈత రాదేమో.”

తప్పే. కానీ ఆలోచిస్తోందిగా అని మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే మంగళగిరిలో మా పెదనాన్నగారబ్బాయి గృహప్రవేశం వచ్చింది. అమ్మకి అప్పుడే కంటికి శుక్లాల ఆపరేషన్ అయి నల్లకళ్ళద్దాలతో ఉంది. కార్డు బుజ్జి చేతికిచ్చి చదవమంది. అది ఎక్కడా తడబడకుండా చదివింది: “ఉదయం 7.12 నిమిషములకు గృహప్రవేశం, తదుపరి శ్రీ సత్యనారాయణస్వామి వ్రతం, అనంతరం విందు.” హోమం పొగ కంటికి పడదని, మేం భోజనాల వేళకి వెళ్తే చాలనుకున్నాం.

“భోజనాలు ఎన్నింటికే?”

“టైము వెయ్యలేదు నానమ్మా. అనంతరం అని వేశారు. అయిపోదన్నమాట.”

అంత గడగడా చదివిన పిల్లని ఎవరు అనుమానిస్తారు? “తొందరేం లేదురా, భోజనాలు పొద్దుపోయేదాకా ఉంటాయట, కార్డులోనే వేశారు” అని అమ్మ నాకు చెప్పింది. బఫే కాబోలు అనుకున్నాను. కార్డు తిప్పి చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం ఆకలి దాచుకోవాలని పొద్దున ఉప్మా కూడా చేసుకోలేదు. విజయవాడలో తీరిగ్గా బయల్దేరి, వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మూడుంపావుకి చేరాం. షామియానా తాళ్ళు విప్పుతున్నారు. కుర్చీలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. కుళాయి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు గుండిగల్లోకి దిగి తోముతున్నారు.

“ఇదా రావడం! రెండింటిదాకా మీకోసం చూశాం” అంది వదిన.

“అదేమిటమ్మా, భోజనాలు అయిపోవని కార్డులో వేయించారుగా?” అంది అమ్మ.

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య లోపలికెళ్ళి కార్డు తెచ్చాడు. నలుగురం దాని మీదికి వంగాం. గుండిగల కుర్రాళ్ళు కూడా తోమడం ఆపారు. ఇక నేనే చెప్పాల్సి వచ్చింది. అనంతరం అంటే అన్ ప్లస్ అంతరం. అంతరం అంటే ఎడం. మధ్యలో ఎడం లేకుండా, వెంటనే అని.

“అయితే నేను విడగొట్టింది కరెక్టేగా నాన్నా?”

కరెక్టే. అదే నా ఏడుపు. ‘అన్’ని సరిగ్గానే పట్టుకుంది, అంతరాన్ని అంతం అనుకుంది. మధ్యలో ఒక్క ‘ర’ జారిపోయింది. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, నెయ్యి వేసిన బొబ్బట్లు అన్నీ ఆ ‘ర’ ఖాతాలోకే పోయాయి.

“ముందూ వెనకా చూడమన్నానా లేదా?”

“చూశాను నాన్నా. ముందు వ్రతం ఉంది, వెనక ప్రింటింగ్ ప్రెస్ ఫోన్ నంబరుంది.”

వదిన మంచిది. లోపల కూర్చోబెట్టి, మిగిలిన పులిహోరా, మెత్తబడ్డ అప్పడాలూ వడ్డించింది. చివర్న బకెట్ వంచి, అడుగున గోకి, అమ్మ విస్తట్లో అన్నం మీద గరిటెడు రసం పోసింది.

బుజ్జి వంగి చూసి, “నానమ్మా, ఉపద్రవం వచ్చింది” అంది.

అమ్మ నల్లకళ్ళద్దాలు కొంచెం కిందికి దించి, నా వైపు చూసింది.